బీఎస్సీ అగ్రికల్చర్ తర్వాత ప్రభుత్వ పరిశోధనలో శాస్త్రవేత్త కావాలంటే

బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా: "ఇప్పుడు రావెప్‌లో (ఊళ్ళో ఉండి చేసే గ్రామీణ వ్యవసాయ అనుభవ శిక్షణలో) ఉన్నాను. ఇంట్లో బ్యాంకు ఏఎఫ్‌ఓ (వ్యవసాయ క్షేత్ర అధికారి) పరీక్షకు చదవమంటున్నారు. నాకేమో ప్రభుత్వ పరిశోధనలో శాస్త్రవేత్తగా పనిచేయాలనుంది. ఏ సబ్జెక్టులో ఎమ్మెస్సీ చేస్తే పోస్టులు ఎక్కువ? ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) మంచిదా, మన యూనివర్సిటీ మంచిదా? పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్వ్యూలో నిలబడగలనా? ఎక్కడో ఉత్తరాదిలో పోస్టింగ్ ఇస్తే ఎలా?"

అమ్మా, నేను వరి రకాల రూపకల్పన విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పీజీ విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాను, ఎంపిక కమిటీల్లో కూర్చున్నాను. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్తాను గానీ మీరడిగిన వరసలో కాదు.

పోస్టులు ఎక్కడ ఎక్కువ పడతాయో చూసి సబ్జెక్టు ఎంచుకోవద్దు. ఇవాళ ఎమ్మెస్సీలో చేరితే రెండేళ్ళు, ఆపైన పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు పడుతుంది. అప్పటికి ఇప్పటి ఖాళీల లెక్క పనికిరాదు. ఒక ప్రకటనలో బోలెడు ఖాళీలు చూపిన విభాగానికి తర్వాతి ప్రకటనలో రెండు మూడు కూడా ఉండకపోవచ్చు. మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. ఏ పంట, ఏ సమస్య మీద పదేళ్ళపాటు విసుగు లేకుండా పనిచేయగలరు? ఆ పని చేతికి నేర్పే గైడ్ ఎవరి దగ్గర దొరుకుతారు? శాస్త్రవేత్త తయారయ్యేది ఈ రెండింటివల్లే. పరీక్ష ఆ తర్వాత వస్తుంది. దాన్ని తక్కువ చేయడం లేదు, దాని గురించి కూడా వివరంగానే చెప్తాను.

పదేళ్ళు అని ఎందుకన్నానో నా పనిలోంచే చెప్తాను. వరిలో సంకరం చేయాలంటే ఆడ మొక్కగా పెట్టుకున్న రకంలో, పొట్టలోంచి సగం బయటికొచ్చిన వెన్నును ఎంచుకుంటాం. ఇంకా విచ్చుకోని ఒక్కో పువ్వు పైభాగాన్ని, దాదాపు మూడోవంతు, చిన్న కత్తెరతో కత్తిరిస్తాం. లోపల ఆరు కేసరాలుంటాయి. అవి చితకకుండా, కీలాగ్రానికి దెబ్బ తగలకుండా ఆరింటినీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ గింజ సంకరం కాకుండా పోతుంది. తర్వాత వెన్నుకు బటర్ పేపర్ కవరు తొడుగుతాం. మర్నాడు పొద్దున పది గంటల ప్రాంతంలో మగ రకం వెన్నులు విచ్చుకుంటాయి. వాటిని తెచ్చి కవరులో విదిలిస్తే పుప్పొడి రాలుతుంది. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీ కడతాం. నెల తిరిగేసరికి గింజలు ముదురుతాయి. ఊక కొసలు కత్తిరించి ఉంటాం కాబట్టి లోపలి బియ్యపు గింజ మొన బయటికి కనిపిస్తూ ఉంటుంది. సంకర గింజ అని గుర్తు అదే. పొద్దుటి నుంచీ నడుం వంచి చేసిన పనికి దక్కేది చిన్న కాగితం పొట్లంలో పట్టేన్ని గింజలు.

అది ఆరంభం మాత్రమే. ఆ గింజల్ని నాటి, రెండో తరంలో వేల మొక్కలు పెంచి, వరుస వరుసకీ తిరిగి ఏది ఉంచాలో ఏది వదిలేయాలో తేల్చాలి. లక్షణాలు స్థిరపడటానికి ఆరేడు తరాలు పడుతుంది. ఆ తర్వాత పరిశోధనా స్థానంలోనే దిగుబడి పరీక్షలు, రాష్ట్రంలో వేరే వేరే చోట్ల పరీక్షలు, అఖిల భారత సమన్వయ పరీక్షలు, రైతుల పొలాల్లో చిరుసంచుల (మినీకిట్ల) పరీక్షలు. అన్నీ దాటితేనే విడుదల కమిటీ ముందుకు వెళ్తుంది. అంతా సవ్యంగా సాగితే ఎనిమిదేళ్ళు, లేదంటే పన్నెండేళ్ళు. ఐసీఏఆర్ శాస్త్రవేత్తలకు రిటైర్మెంట్ 62 ఏళ్ళకు. ముప్ఫయ్యో ఏట చేరినవాళ్ళు మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా తిప్పగలిగేది మూడు నాలుగు చక్రాలు, మహా అయితే. పశ్చిమ గోదావరి జిల్లాలోని మారుటేరు వరి పరిశోధనా స్థానం 1925లో పెట్టింది. అక్కడి స్వర్ణ, అదే ఎంటీయూ 7029, 1982లో విడుదలైంది. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, బీపీటీ 5204, 1986లో. ఈ రెండూ ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా రైతు నోట్లో ఉన్నాయంటే, వాటి వెనక ఏళ్ళతరబడి ఒకే పని పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉన్నారు.

అందరూ ప్లాంట్ బ్రీడింగే (కొత్త రకాల రూపకల్పనే) చేయాలని కాదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), అప్పటి వరి పరిశోధన డైరెక్టరేట్ కలిసి మూడు నిరోధక జన్యువుల్ని అందులోకి తెచ్చి 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని ఇచ్చాయి. మొక్కలోకి జన్యువు వచ్చిందో లేదో మార్కర్లతో (డీఎన్‌ఏ ఆనవాళ్ళతో) ల్యాబ్‌లో చూసేవాళ్ళు ఒకరు. ఆకు కొసలు కత్తిరించి, బ్యాక్టీరియా ద్రావణంలో ముంచిన కత్తెరతో తెగులు ఎక్కించి, మచ్చ ఎంత పొడుగు పాకిందో స్కేలుతో కొలిచే ప్యాథాలజిస్టు ఒకరు. గింజ సన్నదనం, వంట గుణం చెడకుండా చూసుకునే బ్రీడరు ఒకరు. వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ రకం బయటికి వచ్చేది కాదు. కాబట్టి ఎంటమాలజీ, ప్యాథాలజీ, సాయిల్ సైన్స్, అగ్రానమీ, స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, ఎక్స్‌టెన్షన్ దేన్నీ చిన్నచూపు చూడొద్దు. మీకు పురుగు మీద ఆసక్తి ఉండి, "పోస్టులుంటాయి" అని ఎవరో అన్నందుకు అగ్రానమీ తీసుకుంటే మీకూ సుఖం లేదు, అగ్రానమీకీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. నియామక ప్రకటనలో ఒక్కో విభాగానికి ఏ ఏ ఎమ్మెస్సీ స్పెషలైజేషన్లు చెల్లుతాయో పట్టిక ఇస్తారు. జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ వేరు, అగ్రికల్చరల్ బయోటెక్నాలజీ వేరు. కొత్త కొత్త పేర్లతో ఉన్న ఎమ్మెస్సీలో చేరేముందు, ఆ డిగ్రీ పేరు ఈ పట్టికలో ఉందో లేదో చూసుకోండి. చదువంతా అయ్యాక ఈ చిక్కులో పడి ఏడ్చిన పిల్లలున్నారు.

ఇక దారి సంగతి. పీజీకి మీ యూనివర్సిటీ ప్రవేశం ఒకటి, ఐసీఏఆర్ అఖిల భారత పరీక్ష, అంటే మనం జేఆర్‌ఎఫ్ అనేది, ఇంకొకటి. రెండూ రాయండి. జేఆర్‌ఎఫ్‌లో మంచి ర్యాంకు వస్తే ఢిల్లీ పూసాలోని ఐఏఆర్‌ఐ (భారత వ్యవసాయ పరిశోధన సంస్థ) నుంచి వేరే రాష్ట్రాల యూనివర్సిటీల దాకా సీటు దొరుకుతుంది, ఫెలోషిప్పూ వస్తుంది. వీలైతే బీఎస్సీ ఒక చోట, ఎమ్మెస్సీ ఇంకో చోట, పీహెచ్‌డీ మరో చోట చేయండి. నేల మారితే, పంట మారితే, గురువు మారితే చూపు విశాలమవుతుంది. బాపట్లలో చేరి బాపట్లలోనే పీహెచ్‌డీ దాకా చదివి అక్కడే ఉద్యోగంలో చేరినవాళ్ళలో గొప్పవాళ్ళు లేరని కాదు. కానీ గోధుమ పొలంలో ఒక సీజన్ నిలబడిన వరి బ్రీడరుకు కొన్ని ప్రశ్నలు తోస్తాయి, అవి వరిలోనే ఉండిపోయినవాళ్ళకు తోచవు.

శాస్త్రవేత్త ఉద్యోగానికి రెండు ద్వారాలు. ఒకటి కేంద్రంలో అగ్రికల్చరల్ రీసెర్చ్ సర్వీస్, ఏఆర్‌ఎస్. దాన్ని వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి, ఏఎస్‌ఆర్‌బీ, భర్తీ చేస్తుంది. మొదట 150 మార్కుల ఆబ్జెక్టివ్ పరీక్ష, నెగెటివ్ మార్కులుంటాయి. దాన్లో నెగ్గితే 240 మార్కుల మెయిన్స్, రాత పరీక్ష. ఆపైన 60 మార్కుల వైవా, అంటే ఇంటర్వ్యూ. మెయిన్స్‌లో రెండు మార్కుల చిన్న ప్రశ్నల నుంచి పది మార్కుల వ్యాసాల దాకా ఉంటాయి. మూడు గంటల్లో అన్నీ రాయాలంటే చేయి ఆగకూడదు. బిట్లు బట్టీపట్టి మొదటి గడప దాటినవాళ్ళు చాలామంది ఇక్కడే పడిపోతారు. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) సర్టిఫికెట్ విడిగా విలువైనదే. రాష్ట్ర యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అది పనికొస్తుంది. మా రోజుల్లో ఎమ్మెస్సీతోనే ఏఆర్‌ఎస్‌లో చేరేవాళ్ళు. అర్హతలు, వయోపరిమితి మధ్యమధ్య మారుతూ వచ్చాయి కాబట్టి ప్రతి ప్రకటనా మొదటి పేజీ నుంచి చదవండి. పీహెచ్‌డీ చేసే ఉద్దేశంతోనే ప్లాన్ వేసుకోండి, ఏ రకంగా చూసినా అదే క్షేమం.

ఈ మండలి ఎలా పుట్టిందో ఇందులోకి రాబోయే పిల్లలందరికీ తెలియాలని నాకుంటుంది. 1972లో ఐఏఆర్‌ఐలో వినోద్ షా అనే యువ శాస్త్రవేత్త ప్రాణం తీసుకున్నారు. శాస్త్రవేత్తల నియామకాలు, ప్రమోషన్లలో జరుగుతున్న అన్యాయాలపై ఆయన లేఖ రాసి వెళ్ళిపోయారు. పార్లమెంటులో దుమారం రేగింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ అధ్యక్షతన విచారణ కమిటీ వేశారు. ఆ కమిటీ సిఫారసుల ఫలితంగా 1973 నవంబరులో ఏఎస్‌ఆర్‌బీ ఏర్పడింది, 1975 అక్టోబరులో ఏఆర్‌ఎస్ మొదలైంది. అంతకుముందు పైన పోస్టు ఖాళీ అయితేనే కిందివాడికి ఎదుగుదల. మట్టి శాస్త్రంలో లోతుగా వెళ్ళిన మనిషి కూడా ప్రమోషన్ కోసం పరిశోధన వదిలి ఆఫీసు కుర్చీకి ఎగబడాల్సి వచ్చేది. పైన ఖాళీ ఉన్నా లేకపోయినా చేసిన పనిని చూసి పై గ్రేడు ఇచ్చే పద్ధతి ఏఆర్‌ఎస్‌తో వచ్చింది. 2018లో ఈ మండలిని ఐసీఏఆర్ నుంచి విడదీసి కేంద్ర వ్యవసాయ పరిశోధన, విద్యా శాఖ కిందికి తెచ్చారు. ఉద్యోగం ఇచ్చే సంస్థే ఎంపికా చేయడం సరికాదన్న ఆలోచన మంచిదే. మీరు పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు ఎవరి సిఫారసూ లేకుండా కూర్చోగలుగుతున్నారంటే దాని వెనక ఒక మనిషి ప్రాణం ఉంది.

ఎంపికయ్యాక మొదట వెళ్ళేది మన హైదరాబాదుకే. రాజేంద్రనగర్‌లో నార్మ్ (జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ) ఉంది. 1976లో వ్యవసాయ సిబ్బంది కాలేజీగా మొదలైంది, దేశం నలుమూలల నుంచి ఎంపికైన కొత్త శాస్త్రవేత్తలంతా ఫోకార్స్ అనే పునాది కోర్సుకు అక్కడికే రావాలి. ప్రాజెక్టు రాయడం, ప్రయోగాల డిజైను, గణాంకాలు, ఆఫీసు నిబంధనలు, మేధో హక్కులు అన్నీ చెప్తారు. నా దృష్టిలో ఆ కోర్సులో అన్నిటికన్నా విలువైనది గ్రామాల్లో ఉండి చేసే క్షేత్ర శిక్షణ. పశువైద్యుడు, ఇంజనీరు, చేపల శాస్త్రవేత్త, ఎకనామిస్టు ఒక జట్టుగా ఒక ఊరికి వెళ్ళి కొన్ని వారాలు గడుపుతారు. పంజాబ్ నుంచి వచ్చిన పిల్లవాడు చిత్తూరు జిల్లా వేరుశనగ చేలో నిలబడి, వాన ఇరవై రోజులు వెనకపడితే రైతు ఎందుకు అంతగా కుంగిపోతున్నాడో అర్థం చేసుకుంటాడు. మీరు ఇప్పుడు రావెప్‌లో చేస్తున్నది దాని చిన్న రూపమే. ఊరి కూడలిలో రంగుపొడులతో గ్రామ పటం వేసి, ఫొటో దిగి, రికార్డు రాసి వదిలేయకండి. ఆ పటంలో చెరువు గీసినప్పుడు దాని కింద ఆయకట్టు ఎంత, చివరి మడికి నీళ్ళు ఏ నెలలో అందవు, ఆ రైతు ఏ రకం వేస్తాడు, ఎందుకు అదే వేస్తాడు అని అడిగి రాసుకోండి. పునాది కోర్సు తర్వాత కొత్తవాళ్ళను తమ సంస్థ కాని వేరే సంస్థకు మూడు నెలలు నైపుణ్యం నేర్చుకోవడానికి పంపుతారు. అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో ముందే తెలిసి ఉన్నవాళ్ళు దాన్నుంచి చాలా పొందుతారు.

రెండో ద్వారం రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాలు. మన దగ్గర 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికా ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాల నమూనా తీసుకున్నారు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పాటు అందించింది. పాఠం చెప్పేవాళ్ళు, పరిశోధన చేసేవాళ్ళు, రైతు దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఒకే గూటిలో ఉండాలన్నది ఆ పద్ధతి సారం. ఆ విశ్వవిద్యాలయమే తర్వాత ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. 2014లో తెలంగాణకు ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌ది గుంటూరు దగ్గరి లాంకు చేరింది. వీటిలో అసిస్టెంట్ ప్రొఫెసరూ సైంటిస్టూ ఒకే కేడరు. ఇవాళ పరిశోధనా స్థానంలో ఉంటారు, రేపు కాలేజీలో పాఠం చెప్తారు, ఎల్లుండి కృషి విజ్ఞాన కేంద్రానికో (కేవీకే), ఏరువాక కేంద్రానికో వేస్తారు. ప్రవేశ స్థాయిలో మూల వేతనం రెండు చోట్లా ఒకే రకం స్కేలు, 57,700తో మొదలు.

ఏది మంచిదంటారా? రైతుకు దగ్గరగా, ఒక జిల్లా నేలను ఆసాంతం ఎరిగి పనిచేయాలంటే యూనివర్సిటీయే. స్వర్ణ, సాంబ మసూరి, లాం మిరప రకాలు, లాం మినుము, కదిరి వేరుశనగ, రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా, అన్నీ యూనివర్సిటీ స్థానాల పంటలే. పెద్ద ల్యాబులు, దేశవ్యాప్త ప్రాజెక్టులు, కాలానికి కాస్త క్రమంగా వచ్చే నియామకాలు కావాలంటే ఐసీఏఆర్. యూనివర్సిటీలో ఇబ్బంది ఏమిటంటే బదిలీలు. అయిదేళ్ళు ఒక పంట మీద చేయి తిరిగాక వేరే పంట స్థానానికి వేస్తారు, అక్కడ మళ్ళీ ఓనమాలు. బ్రీడర్లను ఇలా తిప్పడం తప్పని నేను సర్వీసులో ఉండగా చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

అంతకంటే పెద్ద బాధ నియామకాల్లో వచ్చే విరామాలు. ఒక స్థానంలో పప్పుధాన్యాల బ్రీడరు రిటైరయ్యారు, పేర్లు చెప్పను. ఆయన పోస్టులోకి ఎవరూ రాలేదు. పక్క విభాగం శాస్త్రవేత్తకు అదనపు బాధ్యత అప్పగించారు. ఆయన చేయగలిగింది ఆయన చేశారు గానీ ఆ సంతతుల్లో దేన్ని ఎందుకు ఉంచారో ఆయనకు తెలియదు. ఫీల్డు పుస్తకాల్లో పాత బ్రీడరు పెట్టుకున్న గుర్తులున్నాయి, ఒక చుక్క, రెండు చుక్కలు, అడ్డగీత. వాటి అర్థం రాసి పెట్టలేదు. కోస్తా ఉక్కపోతకు మామూలు గదిలో పెట్టిన విత్తనం ఎన్నాళ్ళో మొలక నిలుపుకోదు. కొత్త మనిషి వచ్చేసరికి సంచుల మీద నంబర్లు ఉన్నాయి, లోపలి గింజలు మొలవలేదు. అందులో పల్లాకు తెగులు తట్టుకునే సంతతులు ఉన్నాయని మాకందరికీ తెలుసు. పోస్టు ఖాళీగా ఉంచి మిగిల్చిన జీతం ఎంతో లెక్క వేస్తే తేలుతుంది, పోయిన ఆ సంతతుల విలువ ఎవరూ లెక్క కట్టలేరు.

పదేళ్ళకోసారి పెద్ద సంఖ్యలో తీసుకోవడం కన్నా ఏటా కొద్దిమందిని తీసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఒకేసారి చేరినవాళ్ళంతా ఒకేసారి రిటైరవుతారు. అప్పుడు స్థానం ఉన్నట్టుండి ఖాళీ అవుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు పాతవాళ్ళ పక్కన రెండు మూడు సీజన్లయినా నడవాలి. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, రిటైర్మెంట్ తేదీలు ముందే తెలుసు కాబట్టి ప్రకటన కాస్త ముందు ఇస్తే చాలు. అది జరగనందువల్ల మీలాంటివాళ్ళు రీసెర్చ్ అసోసియేట్‌గా, టీచింగ్ అసోసియేట్‌గా, ఐసీఏఆర్‌లో యంగ్ ప్రొఫెషనల్‌గా ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించుకుంటూ వయసు దాటబెట్టుకుంటున్నారు. ఇది మీరు తెలుసుకునే ఈ దారిలోకి రావాలి. కాంట్రాక్టులో చేరాల్సి వస్తే ఒక్కటి చూసుకోండి. ఆ పనిలోంచి మీ పేరు మీద ఒక పరిశోధన వ్యాసమైనా వచ్చే వీలుందా? లేక బిల్లులు, రిపోర్టులు టైపు చేయడమేనా? రెండోదైతే ఆర్నెల్లకు మించి ఉండొద్దు.

తెలుగు మీడియం భయం సంగతి. వైవాలో ఇంగ్లీషు ధాటిగా మాట్లాడినవాళ్ళు పోయారు, తడబడుతూ మాట్లాడినవాళ్ళు నెగ్గారు, రెండూ నా ముందే జరిగాయి. బోర్డు సభ్యులు తరచూ థీసిస్ దగ్గరే మొదలుపెడతారు. "మీ ప్రయోగంలో చెక్ రకం (పోల్చి చూడటానికి వేసిన రకం) ఏది? దిగుబడి ఎంత వచ్చింది? సీవీ (కొలతల్లో తేడాల శాతం) ఎందుకు అంత ఎక్కువ?" అని అడుగుతారు. లెక్కలు ఎవరిచేతనో చేయించుకున్న అభ్యర్థి ఇక్కడ నీళ్ళు నములుతాడు. ఒకమ్మాయి ఇలా చెప్పింది: రెండో రెప్లికేషన్ (అదే ప్రయోగాన్ని మళ్ళీ వేసిన మడులు) పల్లంలో పడింది, పిలకలు వేసే దశలో వాన వచ్చి నీరు నిలిచింది, ఆ ప్లాట్లలో పిలకలు తగ్గాయి, నేను రోజూ లెక్కపెట్టాను, కాబట్టి ఆ తేడా రకానిది కాదు నేలది అనుకుంటున్నాను. వాక్యాలు చిన్న చిన్నవి, క్రియలు అక్కడక్కడా తప్పు. బోర్డులో అందరం తలెత్తి ఆమె వైపు చూశాం. తర్వాతి ప్రశ్నలన్నీ పరీక్షించడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాం. అయితే మెయిన్స్ జవాబులు ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి కాబట్టి ఇంగ్లీషులో రాసే అలవాటు మాత్రం తప్పదు. రోజూ ఒక పేజీ, చూడకుండా, గడియారం పెట్టుకుని రాయండి. సంవత్సరం తిరిగేసరికి ఆ టెన్షన్ పోతుంది. మరో మాట, స్టాటిస్టిక్స్‌ను ఎవరికో అప్పగించొద్దు. ఆర్‌బీడీ, స్ప్లిట్ ప్లాట్ అనే ప్రయోగ డిజైన్ల విశ్లేషణ కనీసం ఒకసారి కాగితం మీద చేత్తో చేయండి. కంప్యూటర్ ఇచ్చే పట్టికలో ఏ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసినవాళ్ళు తమ ప్రయోగంలో తప్పును తామే పట్టుకోగలరు.

పోస్టింగ్ విషయం దాచకుండా చెప్తాను. ఏఆర్‌ఎస్ అంటే దేశం మొత్తానికీ సర్వీసు. కటక్ వరి సంస్థ కావచ్చు, కర్నాల్ గోధుమ సంస్థ కావచ్చు, జోధ్‌పూర్ ఎడారి కావచ్చు, కాసరగోడ్ కొబ్బరి తోటలు, మేఘాలయ కొండలు, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్ ఏదైనా కావచ్చు. హైదరాబాదులో వరి, చిరుధాన్యాలు, నూనెగింజలు, మెట్ట వ్యవసాయం, కోళ్ళ పరిశోధన సంస్థలున్నాయి. ఏలూరు దగ్గర పెదవేగిలో ఆయిల్‌పామ్ సంస్థ, రాజమహేంద్రవరంలో 1947లో పొగాకు కోసం మొదలైన సంస్థ ఉన్నాయి. వాటిలోకి రావాలని మనవాళ్ళందరికీ ఉంటుంది కాబట్టి వెంటనే దొరుకుతుందనుకోవద్దు. నా సలహా, మొదటి అయిదారేళ్ళు దూరంగా ఉండటానికి మనసు సిద్ధం చేసుకోండి. పశ్చిమ గోదావరి జిల్లా మనిషి ఎం.వి. రావు పేరు మీరు వినే ఉంటారు. వరి పండే నేల నుంచి వెళ్ళి ఢిల్లీలో గోధుమ మీద పనిచేసి, దేశానికి గోధుమ శాస్త్రవేత్తగా తెలిసి, తర్వాత నూనెగింజల మిషన్ నడిపి, మన యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా వచ్చారు. ఆడపిల్లను అంత దూరం ఎలా పంపాలని మీ అమ్మానాన్నలు అడగడం సహజమే. ఈ సంస్థల్లో చాలావాటికి క్యాంపస్ క్వార్టర్లు ఉంటాయి, ఒక్కో బ్యాచ్‌లో మన తెలుగు పిల్లలు కొందరైనా ఉంటారు. అక్కడ పనిచేస్తున్న ఒక మహిళా శాస్త్రవేత్తతో మీ అమ్మగారిని ఫోన్లో మాట్లాడించండి. మీరు చెప్పే పది మాటలకన్నా అది బాగా పనిచేస్తుంది.

బ్యాంకు ఉద్యోగం గురించి. ఏఎఫ్‌ఓ మంచి ఉద్యోగం. రైతుకు సమయానికి అప్పు అందించడం చిన్న పనేం కాదు. ఇంట్లో అప్పులుంటే, తమ్ముళ్ళ చదువులుంటే, మొహమాటం లేకుండా అందులో చేరండి, ఎవరూ తప్పు పట్టరు. అటువంటి ఒత్తిడి లేకపోతే మాత్రం ముందు ఎమ్మెస్సీ చేయండి. బ్యాంకులో మూడేళ్ళు చేశాక జీతం వదిలి ఫెలోషిప్ మీద బతకడానికి మనసొప్పదు, ఆ పాటికి పెళ్ళి, లోను, బదిలీ అన్నీ చుట్టుకుంటాయి. ఎమ్మెస్సీ చేస్తూ ఏఎఫ్‌ఓ రాసినవాళ్ళున్నారు. ఎమ్మెస్సీ అయ్యాక కూడా వ్యవసాయ శాఖలో ఏఓ (వ్యవసాయ అధికారి) పోస్టులు, కేవీకేల్లో సబ్జెక్ట్ మేటర్ స్పెషలిస్టు పోస్టులు, మేడ్చల్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లో బ్రీడింగ్ ఉద్యోగాలు ఉంటాయి. కంపెనీలో చేరడాన్ని ఓటమిగా చూడొద్దు. అయితే లాభం రాని పంటల మీద, కొర్ర మీద, ఉలవ మీద, మెట్ట రైతు కందిపంట మీద ఓపిగ్గా పనిచేసేది ప్రభుత్వ పరిశోధనే. మీ ఉత్తరంలో మీకు దానిమీదే మనసున్నట్టు కనిపించింది, అందుకే ఇంత రాస్తున్నాను.

ఇప్పటికిప్పుడు చేయాల్సినవి ఇవి. రావెప్ ఊళ్ళో ఒక రైతు పొలాన్ని నాటు దగ్గర నుంచి కోత దాకా వారం వారం చూసి రాసుకోండి. పిలకలు, పురుగులు, వేసిన ఎరువు, పెట్టిన ఖర్చు అన్నీ. జేఆర్‌ఎఫ్‌కి మీ నాలుగేళ్ళ పాఠాలే సిలబస్, పాత నోట్సులు అటకెక్కించకండి. కౌన్సెలింగ్‌కు వెళ్ళేముందు ఆప్షన్ పెట్టాలనుకున్న ప్రతి డిపార్టుమెంటులోని సీనియర్లకు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: అక్కడి గైడు విద్యార్థులతో పాటు పొలంలోకి వస్తారా, గడిచిన రెండేళ్ళలో ప్రయోగాలకు ప్లాట్లు, నీళ్ళు, కూలీలు సక్రమంగా దొరికాయా, థీసిస్ డేటా విద్యార్థి చేతిలోనే ఉంటుందా. కాలేజీ పేరు కాస్త చిన్నదైనా సరే, ఈ మూడింటికీ అవునని చెప్పిన చోటును మొదటి ఆప్షన్‌గా పెట్టండి.